డ్రమ్ము ఖాళీ చేసినా పురుగులెందుకొస్తాయి? మా జిజ్ఞాస ప్రాజెక్టు అనుభవం

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కళాశాల విద్యాశాఖ 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టులు చేయిస్తుంది. ఒక లెక్చరర్ పర్యవేక్షణలో కొందరు విద్యార్థులు ఏదో ఒక సమస్య తీసుకుని, బయటికెళ్ళి పరిశీలించి, రిపోర్టు రాసి, జడ్జీల ముందు వివరించాలి. నేను హైదరాబాద్‌లో బీఎస్సీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈసారి టాపిక్ నేను ఇవ్వనని ముందే చెప్పేశాను. మీకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి పట్టుకురండి అన్నాను.

చాలా రోజులు ఎవరూ ఏమీ తేలేదు. "మీరే చెప్పండి మేడమ్, చేసేస్తాం" అనేవాళ్ళు. ఇంటర్‌లో రెండేళ్ళు ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీపట్టి వచ్చిన పిల్లలు వాళ్ళు. ప్రశ్న వేయడం కూడా చదువులో భాగమేనని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. గడువు దగ్గరపడుతుంటే నాకూ టెన్షన్‌గానే ఉండేది.

అప్పుడు వాళ్ళను బేగంపేటలోని రోనాల్డ్ రాస్ భవనానికి తీసుకెళ్ళాను. 1897 ఆగస్టు 20న రాస్ ఇక్కడే అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు పిల్లలకు టెక్స్ట్‌బుక్‌లో తెలుసు. అంతకుముందు రాస్ ఏళ్ళ తరబడి వేరే జాతుల దోమల్ని కోసి చూశాడని, వాటిలో ఏమీ దొరకలేదని, హుసేన్ ఖాన్ అనే రోగికి తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడని చెబితే మాత్రం నిలబడిపోయి విన్నారు. పరాన్నజీవి మిగతా జీవితచక్రం మరుసటి ఏడు కలకత్తాలో, పిట్టల మలేరియా మీద తేలింది. "అంటే ఇక్కడ సగమే తెలిసిందా మేడమ్?" అని ఒకబ్బాయి అడిగాడు. ఆ ఏడాది క్లాసులో నేను విన్న మొదటి అసలు ప్రశ్న అది.

తిరిగొస్తుంటే బస్సులో ఒకమ్మాయి నా పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది. వాళ్ళ తమ్ముడికి డెంగీ వచ్చి తగ్గిందట. అప్పటి నుంచి వాళ్ళమ్మ వారానికోసారి నీళ్ళ డ్రమ్ము ఖాళీ చేస్తోంది. "అయినా పురుగులు మళ్ళీ వస్తున్నాయి మేడమ్. ఖాళీ చేస్తే పోవాలి కదా?"

జవాబు నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. "కనుక్కుందాం" అన్నాను. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే కష్టమైంది అలా ఊరుకోవడమే.

ప్రిన్సిపాల్ గారి అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, మైక్రోస్కోపు కోసం ల్యాబ్ అసిస్టెంట్‌తో మాట్లాడుకోవడం లాంటి పనులన్నీ మామూలుగానే జరిగాయి. ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే ఒక్క మాట: ఇళ్ళకు వెళ్ళేటప్పుడు కాలేజీ లెటర్‌హెడ్ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన చిన్న చీటీ దగ్గర పెట్టుకోండి. చిలకలగూడ వైపు బస్తీల్లో మాకు తలుపులు తెరిపించింది అదే.

గరిటె, తెల్లటి పళ్ళెం, టార్చిలైటు, నోట్‌బుక్ పట్టుకుని తిరిగారు. డ్రమ్ములు, హౌజులు, కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రేలు, మేడ మీద పాత టైర్లు అన్నీ చూశారు. పళ్ళెంలో నీళ్ళు పోసి కదలకుండా ఆగితే లార్వాలు, అంటే దోమ గుడ్ల నుంచి వచ్చే ఆ పురుగులు, పైకి తేలతాయి. అనాఫిలిస్ లార్వా నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. క్యూలెక్స్, డెంగీని మోసే ఈడిస్ దోమల లార్వాలు తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తాయి. క్యూలెక్స్ గొట్టం సన్నగా పొడుగ్గా, ఈడిస్ గొట్టం పొట్టిగా ఉంటుంది. ఈ బొమ్మలు రికార్డులో అందరూ వేసినవే. అవి పళ్ళెంలో కదులుతుంటే ఒకరి మీద ఒకరు వంగి చూశారు. వంద ఇళ్ళకు ఎన్ని ఇళ్ళలో లార్వాలున్నాయో చెప్పేది హౌస్ ఇండెక్స్, వంద ఇళ్ళకు లార్వాలున్న పాత్రలెన్నో చెప్పేది బ్రెటో ఇండెక్స్. ఈ రెండూ ఎందుకు వేరువేరుగా వస్తున్నాయో వాళ్ళలో వాళ్ళే వాదించుకుని తేల్చుకున్నారు.

ఒకింట్లో పెద్దావిడ మా వాళ్ళను గట్టిగానే అడిగింది. "పారబొయ్యమంటరు సరే బిడ్డా, నల్లా రోజు విడిచి రోజొస్తది. పారబోస్తే మళ్ళ నీళ్ళు యాడికెళ్ళి తేవాలె?" పిల్లల దగ్గర జవాబు లేదు. డెంగీ గురించి మేం క్లాసులో చెప్పే పాఠంలో నల్లా టైమింగు ఎక్కడా ఉండదు. ఆ మాటను రిపోర్టులో అలాగే పెట్టమన్నాను.

అసలు ప్రయోగం ల్యాబ్‌లో జరిగింది. నల్లటి ప్లాస్టిక్ కప్పుల్లో లోపలి వైపు గరుకు కాగితం చుట్టి, సగానికి నీళ్ళు పోసి నీడలో పెట్టారు. కొన్నాళ్ళకు నీటి గీతకు కాస్త పైన, తడి కాగితం మీద ఆవగింజలో నాలుగో వంతైనా లేని నల్లటి చుక్కలు కనిపించాయి. ఈడిస్ గుడ్లు. కాగితాన్ని నీడన ఆరబెట్టి కొన్ని వారాలు కవరులో దాచారు. తర్వాత దాన్ని బీకరు నీళ్ళలో ముంచి పైన దోమతెర గుడ్డ కట్టారు. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కు పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, ఎండిపోయినవి బతికాయి!"

మా డ్రమ్ము గోడకు కూడా ఇవే అంటుకుని ఉంటాయి, నీళ్ళు పారబోస్తే చాలదు, గోడను పీచుతో రుద్దాలి అని తనే చెప్పింది. ఆ మాట నేను క్లాసులో చెప్పి ఉంటే రెండు మార్కుల జవాబై పోయేది. (లార్వాలు దోమలయ్యేదాకా ఉంచకుండా వేడినీళ్ళు పోసి చంపేశాం. ఈ జాగ్రత్త తప్పనిసరి.)

ప్రెజెంటేషన్‌లో జడ్జీలు ఇండెక్సుల గురించి గుచ్చి గుచ్చి అడిగారు. పిల్లలు తడబడలేదు, లెక్క వాళ్ళు వేసిందే కాబట్టి. తెలియనిచోట "అది మేం చూడలేదు సార్" అని ధైర్యంగా చెప్పారు. నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు అదే.

ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు కొత్త ప్రశ్న తెచ్చారు: నున్నటి ప్లాస్టిక్ డ్రమ్ములో గుడ్లు ఎక్కువా, గరుకు సిమెంటు హౌజులోనా? ఈ వానాకాలంలో చూస్తారట. జూనియర్లను కూడా వెంటబెట్టుకుంటామన్నారు. ఇంకో మైక్రోస్కోపు కావాలని నేను ప్రిన్సిపాల్ గారికి లెటరు పెట్టాను.