నౌపడ ఎండ నా కంట్లో ఉండిపోయింది

"చిన్నప్పుడు ఎక్కడ పెరిగారమ్మా?"

విశాఖలో కంటి డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. కన్ను ఎప్పటినుంచి ఎర్రబడుతోంది, చూపు ఎలా ఉంది, షుగరుందా అని అడుగుతారనుకుని అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. దీనికి మాత్రం ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది.

"నౌపడ దగ్గరండి. ఉప్పు మళ్ళలో" అన్నాను.

"ఎన్నేళ్ళ వరకు?"

"పదహారేళ్ళు వచ్చేదాకా."

ఆవిడ తల ఊపి కాగితం మీద రాసుకున్నారు. అది 2023 జనవరి. నాకు 44 ఏళ్ళు. ఉప్పు మళ్ళు వదిలి 28 ఏళ్ళయింది. శ్రీకాకుళంలో నీడపట్టున, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఎప్పుడో వదిలేసిన ఊరితో నా ఎడమ కంటికి ఏం సంబంధమో అప్పటికి నాకు అర్థం కాలేదు.

నౌపడ పేరు మా జిల్లాలో అందరికీ తెలుసు. గుణుపురం రైలు విడిపోయే జంక్షను అది. టెక్కలికి దగ్గర. సముద్రపు పాయ నీళ్ళు మళ్ళలోకి పెట్టి ఎండబెట్టి ఉప్పు తీస్తారు. సంక్రాంతి దాటాక పని మొదలైతే వానలు పడేదాకా ఆగదు. అంటే ఎండ ఎంత గట్టిగా కాస్తే మాకు అంత పని. మా నాన్న, అమ్మ, నేను, తమ్ముడు అందరం మళ్ళలోనే ఉండేవాళ్ళం. సీజను మొదట్లో మడి అడుగు గట్టిపడాలని కాళ్ళతో తొక్కేవాళ్ళు. పిల్లలకు అది ఆటగా ఉండేది. తరవాత నాన్న పొడవాటి కర్రకు బిగించిన పలకతో ఉప్పు లాగి గట్టు మీద కుప్ప పోస్తుంటే, మేం బుట్టలు అందించేవాళ్ళం, మంచినీళ్ళు మోసేవాళ్ళం.

మధ్యాహ్నం పన్నెండింటికి ఉప్పు మడి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పైన ఎండ ఒకటే కాదు, కిందనుంచి కూడా ఎండే వస్తుంది. తల దించుకున్నా కళ్ళకు నీడ దొరకదు. మడిలో పల్చగా నిలిచిన నీళ్ళు అద్దంలా మెరుస్తాయి. వాటి చుట్టూ తెల్లటి రవ్వలు. మా అందరికీ కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలుండేవి. మా తమ్ముడికి ఆరేళ్ళ వయసుకే వచ్చేశాయి. ఫోటోల్లో వాడెప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపిస్తాడు. కోపం కాదు, వెలుతురు పడక కళ్ళు చిట్లించడం అలవాటైపోయింది.

వాన వస్తే మా ఇంట్లో తాటాకు గిడుగులుండేవి. అవి తల మీద బోర్లించుకుని వెళ్ళేవాళ్ళం. ఎండకు గిడుగు పెట్టుకున్నవాళ్ళను నేను ఒక్కరినీ చూడలేదు. అమ్మ తడి తుండు మాత్రం తలకు చుట్టేది, అది నడినెత్తికే గాని కళ్ళకు కాదు.

టెక్కలిలో ఇంటరు చేరాక ఊరికి సెలవులకు మాత్రమే వెళ్ళేదాన్ని. ఆ తరవాత చదువు, డీఎస్సీ, ఉద్యోగం, పెళ్ళి.

2009లో మొదటిసారి అద్దంలో చూసుకున్నాను. ఎడమ కంట్లో, ముక్కు వైపు, తెల్లగుడ్డు మీద చిన్న త్రికోణంలా కండ. దానిలో సన్నటి ఎర్ర నరాలు. నొప్పి లేదు. దుమ్ము పడినా, గాలిలో తిరిగినా ఎర్రబడేది, ఇసుక పడ్డట్టు గరగరలాడేది. "కంట్లో కండ పెరిగింది, మా మేనత్తకీ ఉండేది, ఏం కాదు" అంది అమ్మ. శుక్లమేమో అన్నారు తోటి టీచర్లు. శుక్లం కంటి లోపల కటకంలో వస్తుంది, ఇది పైన పెరిగేది. దీన్ని టెరీజియం అంటారని చాలాకాలం తరవాత తెలిసింది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నాలాగే ఎంతోమంది చేస్తున్నారు గనక దాచుకోవడం తప్పు. మా వీధిలో వైద్యం చేసే ఒకాయన చుక్కల మందు రాసిచ్చాడు. వేసుకున్న రెండో రోజుకే ఎరుపు పోయింది. అంతే, ఇక ఎర్రబడినప్పుడల్లా మందుల షాపుకెళ్ళి ఆ సీసా పేరు చెప్పి తెచ్చుకునేదాన్ని. చీటీ అడిగినవాళ్ళు లేరు. అలా ఏళ్ళ తరబడి వాడాను. అందులో స్టెరాయిడ్ ఉందని, ఎరుపు తగ్గించడం తప్ప ఆ కండను కరిగించే శక్తి దానికి లేదని నాకు ఎవరూ చెప్పలేదు.

2022 దసరా సెలవుల తరవాత నోటు పుస్తకాలు దిద్దుతుంటే అక్షరాలకు నీడలు కనబడ్డాయి. 'గ' రెండు గీతలుగా, 'ర' పక్కన ఇంకో 'ర'. రాత్రి బస్సులో ఎదురొచ్చే లైట్లు పొడుగ్గా సాగిపోయేవి. కళ్ళజోడు మార్చాను, మళ్ళీ మార్చాను, లాభం లేదు. అప్పుడు భయం వేసింది. పిల్లల పుస్తకాలు దిద్దలేకపోతే నేనేం టీచర్ని? రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఒక కన్ను మూసి రెండో కంటితో క్యాలెండరు చూసి పరీక్ష చేసుకుంటూ కూర్చునేదాన్ని.

అలా విశాఖ వెళ్ళాను. డాక్టరుగారు చూసి, కండ నల్లగుడ్డు మీదికి మూడున్నర మిల్లీమీటర్లు పాకిందన్నారు. నల్లగుడ్డు మొత్తం అడ్డంగా పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లే ఉంటుంది. కండ పాకుతూ, నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే కార్నియా పొరను లాగడంతో దాని గుండ్రదనం పోయి వంకర తిరిగింది. అందుకే అక్షరాలకు నీడలు. ఆ వంకరను సరిచేసే సిలిండర్ పవర్ మూడు పాయింట్లు వచ్చింది. ఆ తరవాత కంటి ప్రెషర్ చూశారు. ఎడమ కంట్లో 28. మామూలుగా పది నుంచి ఇరవై ఒకటి మధ్య ఉండాలి.

"ఏమైనా చుక్కలు వాడుతున్నారా?" అన్నారు.

బ్యాగులోంచి సీసా తీసిచ్చాను. ఆవిడ దాన్ని తిప్పి చూసి, కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పారు. స్టెరాయిడ్ చుక్కలు కొందరికి ప్రెషర్ పెంచుతాయి. పెరిగినట్టు మనకు తెలియదు. చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతిన్నాక తెలిస్తే పోయిన చూపు వెనక్కి రాదు. నా నరం ఇంకా బాగానే ఉందని ఫోటో తీసి చూపించారు. ఆ మాట విన్నాక గది బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ చుక్కలు ఆపేసిన నెలకు ప్రెషర్ 17కు దిగింది.

ఊరి సంగతి ఎందుకడిగారో రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పారు. కణత వైపు నుంచి ఏటవాలుగా పడే వెలుతురు కార్నియాలో వంగి, సరిగ్గా ముక్కు వైపు అంచున, తెల్లగుడ్డూ నల్లగుడ్డూ కలిసే చోట కూడుకుంటుంది. భూతద్దంతో కాగితం మీద ఎండ పట్టినట్టు. అక్కడ దాని తీవ్రత ఇరవై రెట్ల దాకా ఉంటుందని ఆస్ట్రేలియాకు చెందిన కంటి డాక్టరు మినాస్ కొరోనియో లెక్కగట్టి చూపించారు. ముక్కు వైపు నుంచి వచ్చే వెలుతురుకు ముక్కే అడ్డం గనక కణత వైపు అంచుకు అంత దెబ్బ తగలదు. కండ దాదాపు ఎప్పుడూ ముక్కు వైపే పుట్టడానికి కారణం అది. ఆ అంచులో కొత్త కణాలు పుట్టించే మూలకణాలుంటాయి. వాటికి ఎండలోని అతినీలలోహిత కిరణాల దెబ్బ చిన్నతనంలోనే తగిలితే, ఫలితం కనిపించడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టొచ్చు.

నన్ను ఎక్కువ కదిలించింది సిడ్నీ బడిపిల్లల సంగతి. 2006లో వచ్చిన ఆ పరిశోధనలో, పిల్లల కళ్ళను మామూలు కెమెరాతోనూ, అతినీలలోహిత కాంతితోనూ ఫోటోలు తీశారు. మామూలు ఫోటోల్లో ఏమీ కనబడని పిల్లలతో సహా, దాదాపు మూడో వంతు మందిలో ఎండ దెబ్బ జాడ బయటపడింది. పైకి తెల్లగా, శుభ్రంగా మెరిసే పిల్లల కళ్ళు! నా కళ్ళు కూడా పన్నెండేళ్ళప్పుడు అలాగే ఉండుంటాయి. ఆ రోజు ఎవరైనా చూసినా ఏమీ లేదనే అనేవారు.

ఫిబ్రవరిలో ఆపరేషన్ చేశారు. కంటి పక్కన మత్తు సూది వేసినప్పుడు ఒక్కటే మంట, ఆ తరవాత నొప్పి లేదు. పైన లైటు, దానికడ్డంగా కదిలే వేళ్ళ నీడలు. కండను నల్లగుడ్డు మీదనుంచి ఒలిచేశారు. ఊరికే కోసి వదిలేస్తే చాలామందికి మళ్ళీ పెరుగుతుందట. అందుకని పైరెప్ప కింద ఎండ సోకని చోటు నుంచి సన్నటి పొర తీసి, ఖాళీ అయిన చోట అతికి కుట్లు వేశారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎండ సోకని చోటు. నా ఒంట్లో నౌపడ ఎండ చూడని భాగం రెప్ప కింద ఒకటి మిగిలింది, అదే నన్ను ఆదుకుంది.

మొదటి పది రోజులు నరకమే. కుట్లు రెప్పకు తగిలి కంట్లో ముళ్ళున్నట్టుండేది. నీళ్ళు కారేవి. దిండు తడిసిపోయేది. ఇంకో టెన్షన్ చుక్కలది. ఈ ఆపరేషన్ తరవాత వాపు తగ్గడానికి, కండ మళ్ళీ రాకుండా ఉండడానికి వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలే వెయ్యాలి. నాకు పడనిదే అది. డాక్టరుగారు ప్రెషర్ అంతగా పెంచని రకం ఇచ్చి, వారం వారం రమ్మన్నారు. శ్రీకాకుళం నుంచి తెల్లవారుజాము బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. ఒకసారి 22 దాకా వెళ్ళింది, మోతాదు తగ్గించారు, దిగింది. రెండు నెలలకు చుక్కలన్నీ ఆగాయి. మందు అదే, చూసి ఇచ్చే చెయ్యి ఉంటే ఎంత తేడా!

సిలిండర్ ఒక పాయింటుకు తగ్గింది. ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దాను. 'ర' పక్కన ఇంకో 'ర' లేదు. మళ్ళీ వస్తే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే వస్తుందన్నారు. ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే అద్దం దగ్గర నిలబడేదాన్ని. రాలేదు.

ఇదంతా విన్నాక మా అమ్మాయిని ఎండలోకి పంపకూడదనుకున్నాను. అదే మాట డాక్టరుగారితో అంటే వద్దన్నారు. మా అమ్మాయికి పదేళ్ళకే దూరపు చూపు తగ్గి మైనస్ రెండున్నర పవర్ వచ్చింది. బడి, ట్యూషన్, ఫోను, నాలుగు గోడలు. ఆరుబయటి వెలుతురు తగిలితే కంటి లోపలి రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా పొడవు సాగి దూరపు చూపు తగ్గకుండా చూస్తుందట. అందుకే తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు బయట గడపమని ప్రోత్సహిస్తున్నారు. అంటే నా కన్ను ఎండ ఎక్కువై చెడింది, నా బిడ్డ కన్ను వెలుతురు తక్కువై చెడింది. చెట్టు నీడలో ఆడుకున్నా గదిలో కంటే ఎన్నో రెట్లు వెలుతురు అందుతుంది. నడినెత్తిన ఎండ ఉన్న వేళ తప్పించి, అంచు టోపీ పెట్టి పంపమన్నారు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ కళ్ళకు చేరే అతినీలలోహిత కిరణాలను సగం దాకా ఆపుతుంది. మా గిడుగు లాంటిదే! ఎండకు కూడా అది తల మీద ఉండి ఉంటే ఎంత బాగుండేది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అమ్మకు శుక్లాలు ఆపరేషన్ అయ్యాయి. తాటాకు మట్టలు, సరుగుడు ఆకు మంటపెట్టి వండిన పొయ్యి పొగ ఆమె కళ్ళలోకి ఎన్నేళ్ళు వెళ్ళిందో. కట్టెల పొయ్యి పొగకూ శుక్లాలకూ సంబంధముందని తెలిశాక ఆమె వంటిల్లు గుర్తొచ్చింది.

మిగిలింది తమ్ముడు. వాడింకా ఉప్పు మళ్ళలోనే ఉన్నాడు. వాడి కుడి కంట్లో త్రికోణం నాకు రెండేళ్ళ క్రితమే కనబడింది. రమ్మంటే వచ్చేవాడు కాదు.

"ఎండలో పుట్టినోళ్ళం, ఎండ మనల్నేటి సేస్తాదప్పా?" అనేవాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. తేలినీలాపురం కొంగలు చూద్దామని పిల్లలు గోల పెడితే అందరం బయల్దేరాం. వాడి కొడుక్కి ఆరేళ్ళు. చెట్ల మీద గూడబాతులు చూడమని చెయ్యి చాపి చూపిస్తుంటే, పిల్లాడి కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు కనబడ్డాయి. తమ్ముడికి ఏమీ చెప్పలేదు. తమ్ముడి భుజం పట్టుకుని పిల్లాడి మొహం వైపు తిప్పాను. చాలాసేపు చూశాడు.

"ఎప్పుడెల్దారప్పా విశాపట్నం?" అన్నాడు.

తమ్ముడి కుడి కంట్లో ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆపరేషన్ ఇప్పుడక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. స్టెరాయిడ్ లేని, కంటిని తడిగా ఉంచే చుక్కలిచ్చారు. వచ్చేటప్పుడు పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసి ఉండే నల్లద్దాలు వాడికొక జత, చిన్న సైజులో పిల్లాడికొక జత కొన్నాం. తమ్ముడు బస్సులో అవి పెట్టుకునే నిద్రపోయాడు.