రాజు పోతాడు, ఉప్పు పన్ను తిరిగొస్తుంది

నేను చేసిన ఉద్యోగం ఆడిట్. ఇంకొకళ్ళు రాసిన లెక్కల్లో ఏది ఎక్కడ దాచారో వెతకడం. ఆ పని మానేసి చాన్నాళ్ళయినా ఆ చూపు మాత్రం పోలేదు. విప్లవాల చరిత్ర చదివేవాళ్ళు కోట మీద దాడి దగ్గరో, రాజు తల తెగిన ఘట్టం దగ్గరో ఆగుతారు. నేను మాత్రం ఆ ఏటి జమాఖర్చులు ఎక్కడైనా ఇచ్చారేమోనని పేజీలు తిరగేస్తాను. దొరికాయా, ఆ పూటకి ఇక నాతో వేరే పని కాదు.

1788 నాటి ఫ్రాన్సు బడ్జెట్ అలా దొరికిందే. మొత్తం ఖర్చు దాదాపు 63 కోట్ల లీవ్రులు (అప్పటి ఫ్రాన్సు డబ్బు). అందులో సగం, అంటే 31 కోట్ల పైచిలుకు, పాత అప్పుల కిందే పోయింది. ఇంకో నాలుగో వంతు సైన్యానికి, నౌకాదళానికి. మరి వెర్సాయ్ విందులు, రాణిగారి నగలు? రాజకుటుంబం, ఆస్థానం మొత్తం కలిపినా నూటికి ఆరు. జనం తిట్టింది ఆ ఆరుని. రాజ్యాన్ని ముంచింది ఆ యాభై. జనానిది తప్పని నేననను. నగలు కంటికి కనిపిస్తాయి, వడ్డీ కనిపించదు.

ఆ వడ్డీలో పెద్ద భాగం యుద్ధాలది. బ్రిటన్ రాజు మీద తిరగబడ్డ అమెరికా వలసలకి సాయం చేయడానికే ఫ్రాన్సు వంద కోట్ల లీవ్రులకు పైగా పోసింది. పరాయి రాజు మీద జరుగుతున్న తిరుగుబాటుకి ఈ రాజు, పదహారో లూయీ, అప్పు చేసి మరీ పెట్టుబడి పెట్టాడు.

ఆ రోజుల్లో ఖజానా చూసుకున్నవాడు జాక్ నెకర్ అని జెనీవా నుంచి వచ్చిన బ్యాంకరు. 1781లో ఇతను ఎవరూ చేయని పని చేశాడు. రాజుగారి ఆదాయ వ్యయాల్ని పుస్తకంగా అచ్చేయించి బజార్లో అమ్మకానికి పెట్టాడు. వేల మీద వేలు అమ్ముడుపోయింది. భరణాల కింద ఎంత పోతోందో మామూలు మనిషి చదువుకోగలగడం అదే మొదలు. పుస్తకం చివర తేలిన సంగతేమిటంటే, యుద్ధం మధ్యలో ఉన్న ఫ్రాన్సుకి ఏటా కోటి లీవ్రుల మిగులు!

ఎలా వచ్చింది? చాలా తేలిక. రోజువారీ ఖర్చుల్ని ఒక పద్దులో చూపించి, యుద్ధం ఖర్చుని "అసాధారణం" అంటూ ఆ లెక్కలోకి రానివ్వలేదు. ఈ మాయ నాకు బాగా తెలుసు. తనిఖీకి వెళ్ళిన చోట్ల దీని చిన్న తమ్ముళ్ళని చాలామందిని చూశాను. ఫలానా ఖర్చు ఈ ఒక్క ఏడాదికే మేడమ్, అందుకే ఇందులో కలపలేదు అంటారు. పైయేడు వెళితే అదే ఖర్చు, అదే మాట.

నెకర్ మాయ ఖరీదు ఆరేళ్ళ తర్వాత తెలిసింది. 1787లో కలోన్ అనే తర్వాతి మంత్రి పెద్దమనుషుల సభ పిలిచి, ఏటా 11 కోట్లకు పైగా లోటు ఉంది, దొరలూ మఠాలూ కూడా భూమి పన్ను కడితే తప్ప గట్టెక్కలేం అన్నాడు. అతని లెక్క నిజానికి దగ్గరగా ఉంది. కానీ మిగులు ఉందని అచ్చులో చదువుకున్న జనం అది ఎందుకు నమ్ముతారు? ఆ కోటి ఏమైంది, నువ్వే మింగావా అన్నారు. నిజం లెక్క చెప్పినవాడి ఉద్యోగం ఊడింది. తప్పుడు లెక్క చెప్పిన నెకర్ని 1788లో జనం జేజేలతో మళ్ళీ తెచ్చుకున్నారు. మరుసటేడు జులై 11న రాజు అతన్ని తీసేశాడన్న కబురుకే పారిస్ భగ్గుమంది. మూడో రోజుకల్లా బాస్టీల్ కోట కూలింది.

అంతకుముందే, కలోన్ మాట చెల్లకపోయాక రాజుకి మిగిలిన దారి 1614 తర్వాత ఒక్కసారి కూడా కూడని మూడు వర్గాల (మతగురువులు, దొరలు, మిగతా జనం) సభని పిలవడం. 1789 మే 5న వెర్సాయ్‌లో కూడింది. దాన్ని పిలిచింది తిరుగుబాటుదారులు కాదు, డబ్బు కావలసి రాజే పిలిచాడు. ఈ ముక్క గట్టిగా చెప్పుకోవాలనే ఈ పోస్టు రాస్తున్నాను. జనం ఆకలితో లేవడం కంటే ముందు రాజు చెయ్యి చాచడం జరుగుతుంది. అడుక్కునేవాడికి షరతులు పెట్టడం ఎవరికైనా సుళువే.

ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ కథా అంతే. 1629 నుంచి పదకొండేళ్ళు పార్లమెంటు ఊసే లేకుండా పాలించాడు. ఓడరేవు ఊళ్ళ మీద యుద్ధకాలంలో వేసే ఓడల పన్నుని సముద్రం మొహం చూడని ఊళ్ళకీ వేశాడు. 1637లో జాన్ హాంప్డెన్ కోర్టుకెక్కితే, పన్నెండుమంది జడ్జీల్లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు అటు. గెలిచినట్టే ఉంది గానీ, ఆ ఐదుగురి మాట విన్నాక జనం కట్టడం తగ్గించేశారు. అంతలో స్కాట్లండుతో గొడవ. ఓడిపోయి, 1640లో ఒప్పందం రాసుకున్నాడు: స్కాట్ సైన్యం ఉత్తర ఇంగ్లండులోనే మకాం వేస్తుంది, దాని ఖర్చుకి రోజుకి 850 పౌన్లు ఇవ్వాలి. రోజువారీ మీటరు తిరుగుతుంటే ఏ రాజు పార్లమెంటుని రద్దు చేయగలడు? 1649 జనవరిలో అదే పార్లమెంటులో మిగిలినవాళ్ళు అతని తల తీయించారు.

ఇలా చెబితే, మరి ఆకలి మాటేమిటమ్మా, రొట్టె దొరక్క వీధిలోకొచ్చిన ఆడవాళ్ళ సంగతేమిటి అని అడుగుతారు. అడగాల్సిందే. 1789 అక్టోబరులో పారిస్ ఆడవాళ్ళు వెర్సాయ్ దాకా వానలో నడిచి రాజుని వెంటబెట్టుకొచ్చారు. రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో 1917 ఫిబ్రవరి విప్లవం మొదలైందే ఆడవాళ్ళ రొట్టె క్యూల్లో. కానీ ఫ్రాన్సులో 1709 చలికి, కరువుకి లక్షల్లో పోయారు. అప్పటి రాజు పద్నాలుగో లూయీ మంచం మీద పడుకునే చనిపోయాడు. రష్యాలో 1891 కరువూ లక్షల ప్రాణాలు తీసింది. జారు, అంటే అక్కడి చక్రవర్తి, కదల్లేదు. ఆకలికి తోడు ఇంకోటి జరగాలి. తుపాకీ పట్టినవాడు గురి దించాలి.

పెట్రోగ్రాడ్‌లో ఆ గురి దిగిన పొద్దు కళ్ళకి కట్టినట్టు తెలుసు మనకి. పాత క్యాలెండరు ప్రకారం ఫిబ్రవరి 26, ఆదివారం. వొలీన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం చేత జనం మీద కాల్పులు జరిపించారు. రాత్రి బారకాసుల్లో కుర్రాళ్ళకి నిద్ర లేదు. కిర్పిచ్నికోవ్ అనే సార్జెంటు వాళ్ళని పోగేసి, రేపు మళ్ళీ పోదామా అని అడిగాడు. వద్దనుకున్నారు. సోమవారం పొద్దున అధికారి వచ్చి వరసలో నిలబెడితే మేం వెళ్ళం అన్నారు. అతను బయటికి నడుస్తుండగా వెనక నుంచి కాల్చారు. ఆపైన వాళ్ళకి వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇంకో రెజిమెంటుని లేపారు, దాని తర్వాత ఇంకోటి. సాయంత్రానికి రాజధాని సైన్యంలో చాలాభాగం అటు తిరిగిపోయింది. మార్చి 2న ప్‌స్కోవ్ స్టేషన్లో ఆగిన రైలు పెట్టెలో జారు నికోలాయ్ గద్దె దిగుతున్నట్టు సంతకం పెట్టాడు. పెట్టమని టెలిగ్రాములు పంపింది అతని సొంత సేనానులే.

ఆ జారు పద్దులో ఒక విడ్డూరం ఉంది. రష్యా ప్రభుత్వానికి వోడ్కా గుత్తాధిపత్యం మీద ఆదాయంలో నాలుగో వంతుకు పైగా వచ్చేది. 1914లో యుద్ధం మొదలవగానే వోడ్కా అమ్మకం నిషేధించారు. అప్పటిదాకా చరిత్రలోకెల్లా ఖర్చుతో కూడిన యుద్ధం మొదలుపెడుతూ, అదే నెలల్లో ఉన్న పెద్ద రాబడిని తన చేత్తో తీసేసుకోవడం! నోట్లు అచ్చేశారు. ధరలు పెరిగాయి. పట్నానికి ధాన్యం తెచ్చి, విలువ పడిపోతున్న కాగితాలు పట్టుకెళ్ళడానికి రైతు ఒప్పుకోలేదు. పైగా రైళ్ళన్నీ యుద్ధం పనిమీద ఉన్నాయి. క్యూలో నిలబడ్డ ఆ ఆడవాళ్ళ వెనక ఇంత లెక్క ఉంది.

సరే, రాజు పోయాడు. తర్వాత?

తర్వాత కొత్తవాళ్ళు బీరువా తెరుస్తారు. లోపల పాత బాకీల కాగితాలు అలాగే ఉంటాయి.

ఫ్రాన్సు విప్లవకారులు ఆ కాగితాల్ని చింపలేదు, అప్పులన్నీ తీరుస్తామని పెద్దమనసుతో ఒప్పుకున్నారు. చర్చి భూములు జాతిపరం చేసి, వాటి పూచీ మీద అసిన్యా అనే పత్రాలు వేశారు. మొదట 40 కోట్ల లీవ్రులకి మాత్రమే. కొన్నింటి మీద రాజు బొమ్మ వేశారు. 1791 జూన్‌లో రాజు నౌకరు వేషంలో కుటుంబంతో పారిపోతుంటే, సెంట్ మెనూ అనే ఊళ్ళో గుర్రాలు మార్చే స్టేషను యజమాని ద్రూయె బండిలోకి చూశాడు. చేతిలో ఉన్న అసిన్యా మీది మొహమూ లోపలి మొహమూ ఒకటేనని పట్టేశానని ఆయనే చెప్పుకున్నాడు. వరెన్‌లో దొరికారు. ఆ కాగితం విప్లవానికి చేసిన ఏకైక శుభ్రమైన ఉపకారం అదేనని నా అభిప్రాయం. ఎందుకంటే 40 కోట్లు చివరికి నాలుగున్నర వేల కోట్లయ్యాయి. 1796 ఫిబ్రవరిలో అచ్చు పలకల్ని నడి పారిస్‌లో జనం ముందే నాశనం చేసేసరికి నోటు విలువ ముఖవిలువలో నూరో వంతు కూడా లేదు. మరుసటేడు అప్పులో మూడింట రెండొంతులు ఎగ్గొట్టారు. రాజు చేయడానికి జంకిన దివాలా రిపబ్లిక్ చేసింది. ఆ మధ్యలో తలలు నరికే గిలటీన్ ఉంది, కోర్టు తీర్పుల మీదే పోయిన దాదాపు పదిహేడు వేలమంది ఉన్నారు. అది లెక్కలతో తేలేది కాదు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

ఉప్పు సంగతి చెప్పాలి. రాజుల కాలంలో ఫ్రాన్సులో జనం అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది గబెల్, అంటే ఉప్పు పన్ను. పడమటి కొసన ఉన్న బ్రిటనీ సీమకి అది లేదు. పక్క సీమలో ఉప్పు ఇరవై రెట్లకు పైగా ఎక్కువ ధర. సరిహద్దు పొడుగునా దొంగ ఉప్పు రవాణా, పట్టుబడితే ఓడల్లో తెడ్లు వేసే శిక్ష. 1790లో విప్లవ సభ ఆ పన్ను తీసేసింది. జనం పండగ చేసుకున్నారు. దొంగ రవాణా మీద బతికేవాళ్ళు మాత్రం రోడ్డున పడ్డారు. వాళ్ళలో కొందరు తర్వాత రాజు పక్షాన తిరగబడ్డ షువాన్ దళాల్లో తేలారు. వాళ్ళ నాయకుడు జాన్ షువాన్ స్వయంగా ఉప్పు దొంగరవాణాదారే. దుర్మార్గపు పన్ను రద్దయినందుకు రాజభక్తి పుట్టడం! ఇలాంటిది కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

ఇంతా చేస్తే 1806లో నెపోలియన్ చక్రవర్తి ఉప్పు మీద మళ్ళీ పన్ను వేశాడు. అప్పటికి ఒక పన్ను తీసేసి మరో పన్ను వెతుక్కునే ఓపిక ఎవరికీ లేదు.

దీన్ని చదివాకే మిగతా చోట్లా వెతకడం మొదలుపెట్టాను. ఇంగ్లండులో రాజు మీద యుద్ధం నడపడానికి 1643లో పార్లమెంటు బీరు లాంటి వాటి మీద ఎక్సైజు తెచ్చింది. 1660లో రాజు కొడుకు తిరిగొచ్చి సింహాసనం ఎక్కాడు. రిపబ్లిక్ చేసినవి చాలావరకు చెరిపేశారు, ఎక్సైజుని మాత్రం ఉంచుకున్నారు. అది అతని చేతికే ఇచ్చారు. బోల్షెవిక్‌లు 1918లో జారు అప్పులన్నీ చెల్లవని ఒక్క ఆజ్ఞతో కొట్టేశారు. రష్యా బాండ్లు కొనుక్కున్న ఫ్రెంచి చిరుద్యోగులు నెత్తీనోరూ బాదుకున్నారు. అంత తెగువ ఉన్నవాళ్ళే 1925కల్లా వోడ్కా గుత్తాధిపత్యం మళ్ళీ తెరిచారు. చైనాలో 1912 ఫిబ్రవరిలో ఆరేళ్ళ చక్రవర్తి పు యీ దిగిపోయాడు. మరుసటేడు కొత్త రిపబ్లిక్ విదేశీ బ్యాంకుల దగ్గర రెండున్నర కోట్ల పౌన్లు అప్పు చేసి, ఉప్పు పన్నుని తాకట్టు పెట్టింది. దాని వసూలు మీద అజమాయిషీకి వచ్చినవాడు సర్ రిచర్డ్ డేన్, అంతకుముందు బ్రిటిష్ ఇండియాలో ఉప్పు శాఖ చూసిన మనిషి. పైగా దిగిపోయిన పిల్ల చక్రవర్తికి ఏటా 40 లక్షల తాయెళ్ళ (చైనా వెండి తూకం) భరణం ఇస్తామని రిపబ్లిక్ రాసిచ్చింది. సక్రమంగా ఇవ్వలేదనుకోండి.

ఇరాన్ షా సంగతి కొంచెం వేరు. అతనికి జనం కట్టే పన్నులతో పెద్ద పని లేదు, చమురు ఉంది. 1978 చివర్లో చమురు కార్మికులు సమ్మె కట్టారు. పన్ను ఎగవేత అంటే అక్కడ అదే. 1979 ఫిబ్రవరి 11న సైన్యం మేం తటస్థం అంది, అయిపోయింది. చమురు డబ్బు మాత్రం కొత్త ప్రభుత్వం గుప్పిట్లోకే వెళ్ళింది. జనాన్ని అడక్కుండా ఖర్చుపెట్టే వీలు దానికీ అలాగే దక్కింది.

పోర్చుగల్‌ది మా వృత్తికి చెడ్డపేరు తెచ్చే కథ. 1910లో రాజు పోయాక పదహారేళ్ళలో నలభైకి పైగా ప్రభుత్వాలు మారాయి. చివరికి సైనికులు 1928లో సలజార్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ని ఆర్థికమంత్రిగా పిలిచారు. ప్రతి శాఖ ఖర్చు మీదా తనకి అధికారం ఇస్తేనే వస్తానన్నాడు. ఏడాదిలో లెక్కలు సరిచేశాడు, 1932లో ప్రధాని అయ్యాడు, 1968 దాకా కుర్చీ వదల్లేదు. పద్దులు కుదిరినంత మాత్రాన దేశం కుదిరినట్టు కాదని ఎవరైనా నాకు చెప్పబోతే, ఈ పేరు నేనే ముందు తీస్తాను.

నాకు అన్నిటికంటే మింగుడు పడని పద్దు హైతీది. ఫ్రాన్సు వలసగా ఉన్న ఆ కరీబియన్ దేశంలో బానిసలు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్రం తెచ్చుకున్నారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మా తోటల యజమానులకి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం అన్నాడు. మొదటి వాయిదా కట్టడానికి హైతీ పారిస్ బ్యాంకుల దగ్గరే మూడు కోట్లు అప్పు రాసింది. చేతికొచ్చింది 2.4 కోట్లు, మిగతాది బ్యాంకులు ముందే పట్టుకున్నాయి. 1830లో పారిస్ జనం లేచి ఆ చార్లెస్‌నే తరిమేశారు. తర్వాతొచ్చిన రాజు ఆ బాకీని రద్దు చేయలేదు, 1838లో మొత్తాన్ని తొమ్మిది కోట్లకి తగ్గించి వసూలు సాగించాడు. 1848లో అతన్నీ తరిమేశారు. అప్పుడొచ్చిన రిపబ్లిక్ కూడా వాయిదాలు తీసుకుంది.

వాటి కోసం చేసిన అప్పుల తాలూకు ఆఖరి బాకీ హైతీ 1947లో తీర్చింది.