నానమ్మకి ఏ విశేషణం పెట్టాలి?

ఆ ఒక్క మాట తీసెయ్యమంటే మా అమ్మాయి ససేమిరా అంది. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరి గురించి ఇంగ్లీషులో ఒక పేరా రాయాలి, విశేషణాలు బాగా వాడాలి, ఇదీ బడిలో ఇచ్చిన పని. తను నానమ్మ గురించి రాసింది. రాయడం బాగానే రాసింది గానీ, మొదటి వాక్యంలోనే 'ఫ్రెయిల్' అని, అంటే ఒంట్లో సత్తువ తగ్గిన మనిషని పెట్టింది. నాకు చర్రున కోపం వచ్చింది. మా అమ్మ ఫ్రెయిల్ ఏమిటి? "మరేం రాయాలి?" అంది. "స్ట్రాంగ్ అని రాయి" అన్నాను. "అబద్ధం రాయను నాన్నా" అంది.

సరే, అబద్ధం కాని మాట ఇంకోటి వెతుకుదామని ఇద్దరం కూర్చున్నాం. ముసలితనానికి ఇంగ్లీషులో ఇన్ని విశేషణాలున్నాయనీ, వాటిలో చాలావరకు తిట్లేననీ నేనెప్పుడూ పట్టించుకోలేదు. ముసలితనంతో శిథిలమైపోయారని చెప్పే 'డిక్రెపిట్' అనే మాటకి మూలం లాటిన్‌లో కిర్రుమని చప్పుడు చెయ్యడమట, పాత తలుపుని అంటే అన్నారు గానీ మనిషినా? ముసలితనంతో మతి తప్పారని చెప్పే 'సీనైల్'కీ, పెద్దమనుషులు కూర్చునే సెనేట్‌కీ మూలం ఒకటే, అందులో ఒకటి పదవైంది, రెండోది తిట్టయింది. 'జీరియాట్రిక్' సంగతి మా ఇంట్లో బాగానే తెలుసు. 1909లో ఇగ్నాట్జ్ నాషర్ అనే డాక్టరు ముసలివాళ్ళ వైద్యానికి 'జీరియాట్రిక్స్' అని పేరు పెడితే, తర్వాత్తర్వాత 35 దాటి గర్భవతైన ఆడవాళ్ళకీ ఆ మాట అంటించారు. మా చిన్నాడి టైంలో తన ఫైల్లో అది చూసి మా ఆవిడ నా మీద విరుచుకుపడింది, రాసింది నేనే అయినట్టు.

మెచ్చుకునే మాటలు ఇంకా అన్యాయం. 'స్ప్రై' అంటే చురుకైన మనిషి, బాగానే ఉంది, కానీ పదేళ్ళ పిల్లని ఎవరైనా స్ప్రై అంటారా? 'ఈ వయసులో కూడా' అన్న ముక్క అందులోనే దాక్కుని ఉంటుంది. టీచరిచ్చిన కాగితంలో 'ఎల్డర్లీ' వద్దు, 'ఓల్డర్ అడల్ట్' అనండి అని ఉంది (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళకి ఇదే చెబుతుంది). "ఎవరికంటే ఓల్డర్?" అని అడిగింది మా అమ్మాయి. నాకు జవాబు దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకే ఈ మాటతో తిప్పలు తప్పలేదు, నేనెంత. వాళ్ళ రోగాల జాబితాలో ఇదివరకు 'సినిలిటీ' (సీనైల్ అవడం) అని ఉండేది, దాని బదులు 'ఓల్డ్ ఏజ్' అని పెట్టబోతే ముసలితనం రోగమా అని గొడవైంది, చివరికి 2022లో అమల్లోకి వచ్చిన జాబితాలో వయసుతో పాటు శక్తిసామర్థ్యాలు తగ్గడం అనే అర్థమొచ్చే బారెడు మాట పెట్టి ఊరుకున్నారు.

ఇక నాలోని తెలుగు మాస్టారు ఆగలేదు. మన భాషలో వృద్ధికీ, వృద్ధులకీ మూలం ఒకటే తెలుసా, మనవాళ్ళు వయసుని ఎదుగుదలగా చూశారు అంటూ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇలాంటివి చెప్పేటప్పుడు నా గొంతు కూడా మారుతుందట, మా ఆవిడ అంటుంది. అమ్మాయి అంతా విని, "నువ్వు నానమ్మని ఎప్పుడైనా వృద్ధురాలు అన్నావా? బాబాయితో ఫోన్లో 'ముసలావిడ చెప్పింది వినదు, చాదస్తం ఎక్కువైంది' అనే కదా అంటావు" అంది. పక్క గదిలో ఉన్నా వింటారు. మనం నేర్పాలని నేర్పే తెలుగు వీళ్ళకి ఒంటబట్టదు గానీ, మనం విసుక్కునే తెలుగు మాత్రం ఉచ్చారణతో సహా వచ్చేస్తుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, డాక్టర్ల భాషలో ఫ్రెయిల్ అనేది తిట్టు కాదు, ఒక కొలత. లిండా ఫ్రైడ్ అనే అమెరికా డాక్టరు బృందం 2001లో చెప్పిన లెక్క ప్రకారం అయిదు గుర్తులు చూస్తారు: కారణం లేకుండా బరువు తగ్గడం, త్వరగా అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడుంటే ఫ్రెయిల్. చదువుతూ చదువుతూ మనసులోనే లెక్కపెట్టాను, మూడో దాని దగ్గర ఆపేశాను. అంటే నా కోపం ఇంగ్లీషు మీద కాదన్నమాట. ఈలోగా మా అమ్మాయి వీడియో కాల్లో నానమ్మనే నేరుగా అడిగేసింది, నువ్వు వీక్ అని రాయనా అని. "రాసుకో తల్లీ, మీ నాన్నకి మాత్రం చూపించకు, బెంగ పెట్టుకుంటాడు" అందావిడ. నేను ఫోన్ వెనకాలే ఉన్నాను.

దగ్గరుండి చూసే పిల్లలకి పెద్దవాళ్ళు చేసే పనులు గుర్తుంటాయి, ఎలా కూర్చుంటారు, దేనికి కసురుకుంటారు, కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోతారు. మా పిల్లలకి తెలిసిన నానమ్మ ఫోన్లో భుజాల దాకానే కనిపిస్తుంది. అందుకేనేమో వీళ్ళ దగ్గర విశేషణాలు తప్ప మిగలవు. కాబట్టి మీ పిల్లలు రాస్తే విశేషణం బదులు ఆ మనిషి చేసేది రాయమనండి, 'ఫ్రెయిల్' బదులు 'గోడ పట్టుకుని నడుస్తుంది' అని. ఇలా సలహా ఇచ్చేశాను గానీ, ఆ గోడ పట్టుకోవడం మా అమ్మాయి చూడలేదు, నేను చెబితే రాసింది. నేను మాత్రం చూశానా, తమ్ముడు చెబితే విన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఓ రూల్ నడుస్తోంది, నేను పెట్టిందే. డాక్టరు దగ్గరికి వెళ్ళమని నేను పోరినప్పుడల్లా అమ్మ "ముసలిదాన్ని, నాకెందుకురా ఇవన్నీ" అని తప్పించుకుంటుంది. ఆ మాట ఆవిడ అనుకోవచ్చు, పిల్లలు అనకూడదు. మరి నువ్వు, అని అడిగింది అమ్మాయి. నేను కూడా అనకూడదన్నాను. మొన్న తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతూ మళ్ళీ అన్నాను, పక్క గదిలోంచి దగ్గు వినిపించింది.