క్యూ, జెడ్ రెండూ ఉన్న పొడుగాటి మాట కోసం: నా అనుభవం

మా మేనకోడలు గుంటూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. వేసవి సెలవులకి విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్న మా ఇంటికి వస్తూ ఇంగ్లీషు టీచరు ఇచ్చిన హోంవర్కు కూడా మోసుకొచ్చింది. కొన్ని అక్షరాల జతలు ఇచ్చారు. ఆ రెండక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాటల్లో వీలైనంత పొడుగైనది పట్టుకోవాలి. పొడుగును బట్టి మార్కులు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, బహువచనాలు కుదరవు. రాసిన ప్రతి మాటకీ అర్థం చెప్పగలగాలి. ఈ చివరి షరతు పెట్టినందుకు ఆ టీచరుకి దణ్ణం పెట్టాలి, లేకపోతే పిల్లలంతా ఫోన్లో చూసి ఎక్కించేసేవాళ్లు.

"మావయ్యా, నాకు 45 అక్షరాల మాట వచ్చు" అంటూ మొదలెట్టింది. న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. సన్నటి సిలికా ధూళి పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో పొడుగు కోసమే కల్పించిన మాట అది. తమాషా ఏమిటంటే, అంత బారు మాటలో క్యూ లేదు, జె లేదు, ఎక్స్ లేదు, జెడ్ లేదు. మాకొచ్చిన జతలన్నీ ఆ నాలుగింటితోనే.

ముందు క్యూ, జెడ్ జత కోసం డిక్షనరీ తీశాం. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో ఎప్పుడో కొన్న లావుపాటిది. కానీ మొదటి అక్షరం తెలిసినవాళ్లకే డిక్షనరీ దారి చూపిస్తుంది. మాట మధ్యలో ఎక్కడో జెడ్ ఉందంటే అదేం చేస్తుంది పాపం? క్యూతో మొదలయ్యే పేజీలు కొన్నే కాబట్టి వాటిని వేలు పెట్టి చదివాం. క్విజికల్, క్వార్ట్‌జైట్ దొరికాయి. రెండింటికీ తొమ్మిదేసి అక్షరాలే.

అప్పుడు మాటల తోక వైపు నుంచి వెతకడం మొదలెట్టాం. ఇంగ్లీషులో జెడ్ తేలిగ్గా దొరికే చోటు కొన్ని క్రియల చివర, ఐ జెడ్ ఈ అని వచ్చేచోట. క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యూ ఉంటుంది. అంటే మధ్యలో క్యూ యూ, చివర ఐ జెడ్ ఈ ఉన్న క్రియ కావాలి. సాలిలాక్వైజ్ తట్టింది. నాటకంలో పాత్ర తనలో తాను మాట్లాడుకోవడం, మన స్వగతం. 11 అక్షరాలు. దాని వెంటే వెంట్రిలాక్వైజ్ వచ్చింది, పెదవి కదపకుండా బొమ్మ మాట్లాడుతున్నట్టు మాట్లాడటం. 13. 'ఇంగ్' తగిలిస్తే 15. తగిలించవచ్చా అంటే, "వద్దని ఎక్కడా రాయలేదుగా" అంది. లాయరయ్యే లక్షణాలున్నాయి.

ఇంతలో కొత్త టెన్షన్. స్కూలు పుస్తకాల్లో ఇలాంటి మాటలకి బ్రిటిష్ పద్ధతిలో ఎస్ రాస్తారు. ఎస్ రాస్తే జెడ్ పోయింది, మా శ్రమా పోయింది. అయితే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలు ఇంగ్లండువే అయినా ఇలాంటి క్రియలకి జెడ్ స్పెల్లింగే ముందు ఇస్తాయి, ఆ తోక గ్రీకు నుంచి జెడ్‌తోనే వచ్చిందని. ఆ పేజీ ఫోటో తీసి నోట్సులో అతికించింది.

జె, ఎక్స్ జతకి పెద్దగా కష్టపడలేదు. జక్స్టపొజిషన్ 13, చివర ఏ ఎల్ చేరిస్తే 15. క్యూ, ఎక్స్‌కి ఎక్స్‌క్విజిట్‌నెస్, 13.

జె, క్యూ దగ్గర ఆగిపోయాం. జాన్‌క్విల్ అనే పువ్వు 7, జకార్డ్ నేత 8. ఇంక తట్టలేదు. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి లాప్‌టాప్ తీశాను. లైనుకో మాట చొప్పున ఉండే ఫైలు ఒకటి దింపుకుని, గ్రెప్ అనే కమాండుతో క్యూ ఉన్న లైన్లు ఏరి, వాటిలోంచి మళ్లీ జె ఉన్నవి ఏరి, పొడుగు ప్రకారం పేర్చాను. గ్రెప్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లో కెన్ థాంప్సన్ అనే ప్రోగ్రామరు రాసినది, ఇప్పటికీ ఇలాంటి పనికి దాన్ని మించింది లేదని నా నమ్మకం. అయిదు అచ్చులూ ఏ, ఈ, ఐ, ఓ, యూ వరసలో ఒక్కోసారే రావాలన్న బోనస్ ప్రశ్నకీ అదే జవాబిచ్చింది: ఆబ్‌స్టీమియస్‌లీ, 12. సరదాగా వరస తిరగేసి అడిగితే సబ్‌కాంటినెంటల్ వచ్చింది. మన ఉపఖండం పేరులోనే అచ్చులు వెనక్కి నడుస్తున్నాయి!

ఫైలు పెద్దదైతే చెత్తా ఎక్కువే. ఊళ్ల పేర్లు, ఎవరూ వాడని మాటలు. అయినా చెత్తలో ఒక ముత్యం దొరికింది: జెంజిజెంజిజెంజిక్. ఒక్క మాటలో ఆరు జెడ్‌లు. ఎనిమిదో ఘాతం అని అర్థం. 1557లో రాబర్ట్ రికార్డ్ వాడిన మాట. లెక్కల్లో సమానం గుర్తు పెట్టిందీ ఆయనే, అదే ఏడు. మా హోంవర్కుకి పనికిరాకపోయినా నోట్సు చివరి పేజీలో ఎక్కింది.

జె, క్యూ లిస్టులో మేం అర్థం చెప్పగలిగినవాటిలో పొడుగైనది జెక్విరిటీ, 9 అక్షరాలు. అప్పటిదాకా నేనూ వినలేదు. డిక్షనరీలో ఎర్రటి విత్తనం, కొసన నల్ల మచ్చ, విషం అని చదువుతుంటే వంటింట్లోంచి మా అమ్మ, "గురివింద గింజకి ఇంత రాద్ధాంతమా?" అంది. కంసాలులు బంగారం తూచడానికి వాడేవాళ్లని చెప్పింది, నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుందని కూడా. సాక్ష్యంగా ఒక గింజ స్కూలుకి పట్టుకెళ్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

"బహువచనం చేస్తే 11 అవుతుంది మావయ్యా."

"రూలు చదువు."

మొహం ముడుచుకుని తొమ్మిదే వేసింది.