అమ్మాయి పేరులో ఒక హెచ్

మా అమ్మాయికి అవార్డు వచ్చిందని కాకినాడలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేస్తే, "దేనికిరా?" అంది. కర్రసాముకి అన్నాను. నిజానికి ఆ ఆట పేరు ఆర్నిస్. పేముకర్రతో ఆడతారు. 2009లో చట్టం చేసి మరీ దాన్ని ఫిలిప్పీన్స్ జాతీయ క్రీడగా ప్రకటించారు. నేను ఉద్యోగానికని మనీలా వచ్చి ఇక్కడమ్మాయినే పెళ్లి చేసుకుని స్థిరపడ్డవాణ్ణి. మా పిల్లకు కర్ర పట్టించింది మాత్రం వాళ్ల లోలా, అంటే అమ్మమ్మ.

2024 జులైలో సెబూ నగరంలో పలారోంగ్ పంబన్సా జరిగింది. దేశంలోని బడిపిల్లలందరికీ అదే పెద్ద పోటీ. ముందు డివిజన్, తర్వాత రీజియన్ గెలిస్తే గానీ అక్కడికి చేరరు. మా అమ్మాయి కాంస్యం తెచ్చుకుంది. కొన్ని నెలలకు వాళ్ల కోచ్, యువ క్రీడాకారులకిచ్చే ఒక పురస్కారానికి పేరు పంపుతానన్నాడు. "కాగితాలు కొంచెం చూసుకోండి సర్" అన్నాడు. ఆ 'కొంచెం' ఎంతో నాకు తర్వాత తెలిసింది.

దరఖాస్తు మొదటిసారి తిరిగొచ్చింది 'మిడిల్ నేమ్' దగ్గర. మనకు అలవాటే కదా అని అక్కడ నా పేరు రాశాను. ఇక్కడ మిడిల్ నేమ్ అంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు. మన దగ్గర చాలామంది ఆడవాళ్లకు పెళ్లితో పుట్టింటి పేరు పోతుంది. ఇక్కడ అది పిల్లల పేరు మధ్యలో జీవితాంతం ఉంటుంది. నాకు ఈ పద్ధతే నచ్చింది. మా ఆవిడ మాత్రం "పదిహేనేళ్ల పిల్ల తండ్రివి, ఇప్పుడా తెలిసింది?" అంది.

రెండోసారి వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. మా ఇంటిపేరులో 'త' ఉంది. మనం 'త'కి టీ పక్కన హెచ్ పెడతాం. స్కూలు రికార్డులో ఆ హెచ్ ఉంది. జనన ధ్రువపత్రంలో లేదు. ఆ పత్రం ఇచ్చేది పీఎస్ఏ, అంటే గణాంక శాఖ. క్రీడా విలేకరుల సంఘాన్నీ పీఎస్ఏ అనే అంటారు, వాళ్లు ఏటా పెద్ద ఆటగాళ్లకు అవార్డులిస్తారు. "పీఎస్ఏ కావాలి" అని కోచ్ మెసేజ్ పెడితే, మా అమ్మాయిని అప్పుడే విలేకరులు పిలిచారేమోనని అరగంట సంబరపడ్డాను.

మున్సిపల్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాను. అచ్చుతప్పులకు కోర్టుకు పోనక్కర్లేదు, రిపబ్లిక్ యాక్ట్ 9048 కింద అక్కడే దిద్దుతారు. ఫీజు వెయ్యి పెసోలు. అర్జీని పది రోజులు బోర్డు మీద అంటించాలి, తర్వాత అది పై ఆఫీసుకు వెళ్లి రావాలి. "నెలలు పడుతుంది పో" అంది కౌంటర్‌లో అమ్మాయి. ఈ 'పో' మన 'అండి' లాంటిది. మొదట్లో ఎవరన్నా నన్ను పొమ్మంటున్నారేమో అనిపించేది. గడువు చూస్తే ఆరు రోజులే ఉంది. చివరికి రోడ్డు పక్కన నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం: హెచ్ ఉన్న పిల్లా, హెచ్ లేని పిల్లా ఒక్కరే. నాలుగు కాపీలు జిరాక్స్. ఇక్కడా దాన్ని జిరాక్స్ అనే అంటారు, అదొక్కటే ఆ రోజు నాకు సొంతూరులా అనిపించింది.

సభ సాయంత్రం ఐదుకి, మమ్మల్ని రమ్మంది ఒంటిగంటకి. బావమరిది దగ్గర బారోంగ్ అరువు తెచ్చుకున్నాను. అనాసనారతో నేసిన చొక్కా, పల్చగా అద్దంలా ఉంటుంది. లోపల తెల్ల బనియను వేసుకోవాలని గుమ్మం దాటబోతుంటే మా ఆవిడ ఆపి చెప్పింది కాబట్టి పరువు దక్కింది. అమ్మాయికి సీతాకోకచిలుక రెక్కల్లాంటి చేతులున్న టెర్నో గౌను. పోటీలో హెల్మెట్ పెట్టుకుని కర్రదెబ్బలు తినే పిల్ల, ఆ చేతులు నలుగుతాయని నాలుగు గంటలు కుర్చీకి ఆనుకోలేదు.

ప్రార్థన, జాతీయగీతం, ఆపైన ఉపన్యాసాలు. ప్రతి ఒక్కరూ వెయిట్‌లిఫ్టర్ హిడిలిన్ డియాజ్‌తో మొదలుపెట్టి జిమ్నాస్ట్ కార్లోస్ యూలోతో ముగించారు. తప్పేం లేదు. 1924 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తున్న దేశానికి తొలి స్వర్ణం 2021లో టోక్యోలో ఆమె తెచ్చింది, పారిస్‌లో అతను ఒక్కడే రెండు తెచ్చాడు. కానీ నాలుగో ఉపన్యాసానికి ముందు వరుసలో ఈతగాడు పిల్లాడు నిద్రపోయాడు. పక్కనున్న వాళ్ల నాన్న లేపబోయి మానేశాడు. "తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడు, ఈత ఉంటుంది" అన్నాడు నాతో, క్షమాపణ చెబుతున్నట్టు.

మా పిల్ల పేరు పిలిచారు. మైకులో ఇంటిపేరు నేను పోల్చుకోలేకపోయాను గానీ, అది లేచి నడిచింది కాబట్టి చప్పట్లు కొట్టాను. ఫోటోలో నా చెయ్యి వణికి అంతా మసక.

కారులో ఫలకం చేతికిచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను. హెచ్ ఉంది. కానీ టీ పక్కన కాదు, పేరు చివర.

మర్నాడు నిర్వాహకులకు ఫోన్ చేశాను. కొత్త ఫలకం చేయిస్తామన్నారు, చాలా మర్యాదగా. జనన ధ్రువపత్రం కాపీ ఒకటి పంపాలట. పక్క గదిలోంచి అమ్మాయి కేకేసింది: "నాన్నా, ఈసారి ముగ్గురూ ఒక్కరే అని రాయించు!"

లోలా అప్పటికే ఆ ఫలకాన్ని సాంతో నీన్యో, అంటే బాలయేసు, విగ్రహం పక్కన నిలబెట్టేసింది.