అన్ని బ్యాచ్‌ల దీపాలు ఒకే ప్రదర్శనలో

సెలవులకు ముందు మన ప్రధాన భవనం మీద జరిగే దీపాల ప్రదర్శనకు కావలసిన సీక్వెన్స్ ఫైళ్లను, అంటే పాటలో ఏ క్షణాన ఏ దీపం ఎంత వెలగాలో చెప్పే ఫైళ్లను, ప్రతి ఏటా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ విద్యార్థులే తయారుచేసేవారు. ఏ బ్యాచ్ ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే అందులోనే తమ పాటలకు దీపాలు కూర్చి వెళ్లిపోయేది. మేము చేరేనాటికి ల్యాబ్ అల్మరాలో లైట్-ఓ-రామా ఫైళ్లు, పాత విక్సెన్ ఫైళ్లు, మాకు ముందువారు ఎక్స్‌లైట్స్‌లో చేసినవి కలగలిసి ఉండేవి. కొన్ని పాటలకైతే తొలి బ్యాచ్ మామూలు బల్బుల తీగలకు చేసిన ఫైలు ఒకటి, తరువాతి బ్యాచ్ రంగుల పిక్సెళ్లకు (ఒక్కొక్కటి విడిగా రంగు మార్చుకోగల చిన్న దీపాలకు) చేసిన ఫైలు మరొకటి విడివిడిగా ఉండేవి. వీటన్నిటినీ ఒకే రూపంలోకి మార్చి, ఒకే పాటకు చెందిన వాటిని కలిపి, ఒకే ప్రదర్శనగా నడపమని మాస్టారు మా బ్యాచ్‌కు అప్పగించారు. నా చదువులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పని అదే కనుక ఈ సంచికకు దాని గురించే రాస్తున్నాను.

ఏ ఫైలు తెరిచినా మాస్టారు ముందుగా ఒకే ప్రశ్న వేసేవారు: ఇందులో ఉన్నది కూర్చినవారి ఆలోచనా, లేక దాని ఫలితమా? లైట్-ఓ-రామా పాత ఫైలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో, అంటే తెరిచి చదవగలిగే అక్షరాల రూపంలో, ఉంటుంది. ఫలానా ఛానెల్ (ఒక బల్బుల తీగను గాని, పిక్సెల్‌లోని ఒక రంగును గాని నడిపే మార్గం) ఫలానా సెంటీసెకండు (సెకనులో నూరో వంతు) నుంచి ఫలానా సెంటీసెకండు వరకు సున్నా నుంచి నూరు శాతానికి పెరగాలని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అది ఆలోచన. ప్రదర్శన వేళ ఫాల్కన్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపే ఎఫ్‌సెక్ ఫైలులో అటువంటిదేమీ ఉండదు. ప్రతి ఫ్రేముకు (పాటను సమానంగా విడదీసిన ఒక్కో చిన్న కాలపు ముక్కకు), ప్రతి ఛానెల్‌కు 0 నుంచి 255 వరకు ఒక అంకె, అంతే. ఆలోచన నుంచి ఫలితానికి రావడం లెక్క. ఫలితం నుంచి ఆలోచనకు వెనక్కి వెళ్లడం మాత్రం ఊహే. రెండు సెకన్లపాటు నెమ్మదిగా పెరిగే వెలుగు 50 మిల్లీసెకన్ల ఫ్రేముల్లో 40 అంకెలవుతుంది. ఆ అంకెలను చూసి ఇది ఒకే గీతగా గీసినదో, ఒక్కొక్కటిగా పేర్చినదో ఎవరూ తేల్చి చెప్పలేరు. షిమ్మర్, ట్వింకిల్ అనే రెండు ప్రభావాల విషయం ఇంకా సున్నితమైనది. లైట్-ఓ-రామా ఫైలులో వాటి పేరు మాత్రమే ఉంటుంది, మిణుకుమిణుకుమనిపించే పని దీపాలను వెలిగించే పరికరమైన కంట్రోలరే చేసుకుంటుంది. ఫ్రేములుగా మార్చేటప్పుడు ఆ మిణుకును మనమే అంకెల్లో పుట్టించాలి, అది అసలుకు దగ్గరగా ఉండవచ్చు గాని అదే కాదు.

పాత విక్సెన్ ఫైలు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పైకి ఎక్స్‌ఎమ్‌ఎల్ అయినా, వెలుగు విలువలు మాత్రం బేస్64 (అంకెలను అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి) రూపంలో ఒకే పొడవైన వరుసగా ఉంటాయి. ఒక ఛానెల్ పాట మొత్తానికి చేసే పని అంతా ముందు, తరువాత రెండో ఛానెల్, ఆ తరువాత మూడోది. ఎఫ్‌సెక్‌లో వరుస దీనికి తలకిందులు: మొదటి క్షణంలో అన్ని ఛానెళ్లు, రెండో క్షణంలో మళ్లీ అన్ని ఛానెళ్లు. కనుక అడ్డువరుసలను నిలువువరుసలుగా తిప్పిన తరువాతే మిగిలిన పని మొదలవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరినది కాలం. నిమిషానికి 128 తాళపు దెబ్బలున్న పాటలో ఒక్కో దెబ్బకు నడుమ 468.75 మిల్లీసెకన్లు ఉంటాయి. 50 మిల్లీసెకన్ల ఫ్రేములకు సరిపెట్టడానికి ఆ ఎడాన్ని 450గా తీసుకుని ఒకదాని వెనుక ఒకటి పేర్చుకుంటూ పోతే, 64 దెబ్బలు గడిచేసరికి, అంటే అర నిమిషంలోనే, దీపాలు పాటకన్నా 1.2 సెకన్లు ముందుకు వెళ్లిపోతాయి. అలా కాకుండా ప్రతి దెబ్బ వేళనూ పాట మొదటి నుంచి కొలిచి, ఆ తరువాతే దగ్గరి ఫ్రేముకు చేరిస్తే తేడా ఎన్నడూ 25 మిల్లీసెకన్లు దాటదు. ఎడాలను కాదు, వేళలను సవరించాలని మాస్టారు నల్లబల్ల మీద చేసి చూపిన ఈ లెక్క, ఆ తరువాత నా ఉద్యోగంలో దీపాలతో సంబంధం లేని చోట్ల కూడా నాకు పనికివచ్చింది.

ఫ్రేము నిడివి 25 మిల్లీసెకన్లా, 50 మిల్లీసెకన్లా అన్న చర్చ మాలో చాలా కాలం సాగింది. 25ను 50 చేయాలంటే రెండు ఫ్రేములు ఒకటి కావాలి. ఒకదాన్ని వదిలేస్తే ఒక్క ఫ్రేము మాత్రమే మెరిసే మెరుపు మాయమవుతుంది. రెండింటిలో ఎక్కువ విలువను తీసుకుంటే ఒంటి రంగు బల్బులకు బాగానే ఉంటుంది గాని, పిక్సెల్ విషయంలో ఒక ఫ్రేములోని ఎరుపు, మరుసటి ఫ్రేములోని ఆకుపచ్చ కలిసి ఎవరూ కోరని పసుపు పుడుతుంది. అందువల్ల అన్నిటినీ 25కే తెచ్చి, 50 ఉన్నవాటిలో ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు రాయాలని నిర్ణయించాము. మూడు నిమిషాల పాటకు 7,200 ఫ్రేములు, వెయ్యి పిక్సెళ్లకు 3,000 ఛానెళ్లు, అంటే 2 కోట్ల 16 లక్షల బైట్లు. పరిమాణం పెరిగిన మాట నిజమే. అయితే పక్కపక్క ఫ్రేములు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి ఎఫ్‌సెక్ రెండో సంస్కరణలోని కుదింపు ఆ భారాన్ని బాగా తగ్గిస్తుంది.

ఛానెళ్ల లెక్క మరో చిక్కు. దీపాలకు ఆజ్ఞలు పంపే డీఎంఎక్స్ పద్ధతిలో ఛానెళ్ల గుంపును యూనివర్స్ అంటారు, ఒక యూనివర్స్‌కు 512 ఛానెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు కావాలి కనుక ఒక యూనివర్స్‌లో 170 పిక్సెళ్లు పట్టి, చివర రెండు ఛానెళ్లు మిగిలిపోతాయి. ఒక బ్యాచ్ ఆ రెండింటిని ఖాళీగా వదిలేది, మరొక బ్యాచ్ వాటిని కూడా వాడుకుని వరుస కొనసాగించేది. రెండో రకం ఫైలును మొదటి రకం అమరికలో నడిపితే 170వ పిక్సెల్ వరకు అంతా సవ్యంగా ఉండి, 171వ పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ విలువలు ఖాళీ ఛానెళ్లలో పడి, దాని నీలం విలువ రెండో యూనివర్స్ మొదట్లోని ఎరుపు స్థానంలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఆ యూనివర్స్ అంతటా రంగులు జరిగిపోతాయి. ఎఫ్‌సెక్ ఫైలులో ఛానెళ్లకు పేర్లు ఉండవు కనుక ఏ అంకె ఏ దీపానిదో ఫైలును చూసి తెలుసుకునే వీలు లేదు. అందుకే మాస్టారు ఒక దళసరి నోటుపుస్తకంలో ఏటేటా ఛానెల్ పట్టిక రాయించేవారు. ఆ పుస్తకం లేకపోతే మా పని మొదలయ్యేది కూడా కాదు.

ఇంత అయ్యాక కలపడం సులువే. బల్బుల ఛానెళ్లు, పిక్సెల్ ఛానెళ్లు వేరువేరు అయితే పక్కపక్కన చేర్చడమే. ఒకే దీపాన్ని ఇద్దరూ వాడుకున్న చోట ఎక్కువ వెలుగు గెలవాలా, తరువాత వచ్చిన ఆజ్ఞ గెలవాలా అన్నది తేల్చుకోవాలి. పాత బల్బులకు మొదటిదాన్ని, పిక్సెళ్లకు రెండోదాన్ని ఎంచుకున్నాము. ఒక పాట వెనుక మరో పాటను చేర్చి ఒకే పెద్ద ఫైలు చేయాలని కొందరు మిత్రులు పట్టుబట్టారు. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆ వరుసను ప్లేలిస్ట్‌కే వదిలితే ఒక పాటను సరిదిద్దడానికి మిగిలిన పాటలను కదిలించనక్కరలేదు.

ల్యాబ్‌లో ఇప్పుడు కొన్ని పాటలకు ఎఫ్‌సెక్ ఫైళ్లు మాత్రమే మిగిలాయని, దీపాల అమరిక మారినందున వాటిని నడపలేకపోతున్నారని విన్నాను. వాటి మూల ఫైళ్లు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఎంత పాత సాఫ్ట్‌వేర్‌వి అయినా సరే, దయచేసి ల్యాబ్‌కు పంపండి. వాటితోపాటు ఆనాడు వాడిన ఆడియో ఫైలునే జతచేయండి. అదే పాటను మళ్లీ ఎంపీ3గా మారిస్తే మొదట్లో కొంత నిశ్శబ్దం చేరి వేళలు జరిగే అవకాశం ఉంది. ఆ ఏటి ఛానెల్ పట్టిక నకలు కూడా ఉంటే ఇప్పటి విద్యార్థులు మిగిలినది చూసుకోగలరు.