బుధవారం, సోలెంట్‌లో గాలి లేని సాయంత్రం

సోలెంట్ అంటే ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికీ నడుమ ఉన్న జలసంధి. ఆఫీసు పని ముగించుకుని, బుధవారం సాయంత్రపు తెరచాప పడవల పందెం కోసం ఆ ద్వీపంలోని కౌస్ రేవు చేరేసరికి మా స్కిప్పర్ గారు అప్పటికే పటాన్ని బల్ల మీద పరిచి, దగ్గరి రేవు పోర్ట్‌స్మత్‌లో పోటు వేళను పెన్సిల్‌తో రాసుకుంటున్నారు. పడవలో జీపీఎస్, టాబ్లెట్ అన్నీ ఉన్నా, ఆయన నమ్మేది గంట గంటకూ ప్రవాహం ఎటు పారుతుందో బాణం గుర్తులతో చూపే ఆ పాత అట్లాసునే. మొన్ననే అష్టమి వెళ్లింది కనుక ఆటుపోట్ల జోరు తక్కువే, అయినా ఈ సాయంత్రమంతా నీరు పడమటికే పారుతుంది. అంటే పడమట న్యూటౌన్ దగ్గర, మేము చుట్టి రావలసిన బోయా (నీటిపై తేలే గుర్తు) దాకా నీరే మోసుకుపోతుంది, తిరుగు ప్రయాణంలో మాత్రం దానికి ఎదురీదాలి.

పోయేటప్పుడు అందరూ వీరులే. బోయా చుట్టి తూర్పుకు తిరిగిన కాసేపటికి, కౌస్‌కు కాస్త ఇవతలి గర్నార్డ్ కనబడుతుండగా గాలి పూర్తిగా చచ్చిపోయింది. తెరచాపలు ఆరేసిన దుప్పట్లలా వేలాడాయి. నీటిలో మా వేగం ఒక నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) అని లాగ్ అనే వేగమాపకం చూపుతోంది, కానీ జీపీఎస్ లెక్కన మేము పడమటికి, అంటే వెనక్కి పోతున్నాము. రెండు యంత్రాలూ నిజమే చెబుతున్నాయి, ఎందుకంటే లాగ్ కొలిచేది నీటితో పోల్చిన వేగాన్ని, జీపీఎస్ కొలిచేది నేలతో పోల్చిన వేగాన్ని.

అప్పుడు స్కిప్పర్ గారు గొంతు తగ్గించి లంగరు వేయమన్నారు. పందెంలో ఇంజను వాడకూడదు గాని లంగరు వేయడానికి నిబంధనలు అడ్డు చెప్పవు, మళ్లీ కదిలే ముందు దాన్ని పైకి తీసుకుంటే చాలు. పక్క పడవల వారి కంట పడకుండా, వారికి అవతలి వైపు నుంచి, గొలుసు చప్పుడు కాకుండా చేతులతో పట్టి కొద్దికొద్దిగా దించాము. తాడు బిగుసుకున్నాక జీపీఎస్ సున్నాకు వచ్చింది, లాగ్ మాత్రం 1.4 చూపింది. మా జట్టులోని కాకినాడ కుర్రాడు ఆ అంకెలనూ, పక్కనుంచి వెనక్కి జారిపోతున్న పడవలనూ మార్చి మార్చి చూసి, "అన్నా, మనం నిలబడే పందెంలో ముందుకు పోతున్నామా?" అని అడిగాడు. పోతున్నామనే చెప్పాను. మా కంటే ఖరీదైన తెరచాపలున్న పడవలు కూడా, వాటి సిబ్బంది ఎంతో శ్రద్ధగా తాళ్లు సవరిస్తుండగానే, వెనుక భాగం ముందుగా, పడమటనున్న యార్మత్ వైపు సాగిపోయాయి.

ఇది న్యాయమేనా అని ఎవరో అనగానే స్కిప్పర్ గారు 1851 నాటి కథ అందుకున్నారు, ఆయనకు అది కంఠస్థం. ఆ ఆగస్టు 22న ఈ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో 'అమెరికా' అనే పడవ నాబ్ దీపనౌకకు లోపలి వైపు నుంచి వెళ్లి దూరం తగ్గించుకుంది. బయటి వైపు నుంచి తిరగాలన్న మాట దానికిచ్చిన సూచనల్లో లేదు, ఫిర్యాదు వచ్చినా నిలవలేదు, అది గెలిచిన ఆ కప్పుకు నేటికీ దాని పేరే, అమెరికాస్ కప్. సూచనల కాగితాన్ని చివరి వాక్యం దాకా చదవడం కూడా నావికవిద్యే అని ఆయన వాదన, నాకూ అలాగే అనిపిస్తుంది.

చీకటి పడే వేళకు కాస్త గాలి పుట్టింది. లంగరు లాగి, ప్రవాహం బలహీనంగా ఉండే ఒడ్డు దాపునే, లోతు మీటరు మీద ఒక కన్ను వేసి సాగి, ఆరుగురిని దాటి ముగింపు గీత చేరాము. ఆ ఆనందం బార్‌లో ఫలితాలు అతికించే దాకానే నిలిచింది. ప్రతి పడవ సమయాన్నీ దాని రేటింగుతో (వేగంగా పోగల పడవకు ఎక్కువగా, నెమ్మది పడవకు తక్కువగా ఇచ్చే అంకె) గుణించాక, మేము దాటిన ఆరుగురిలో ఇద్దరు మళ్లీ మా పైకి ఎక్కి కూర్చున్నారు. దానికి మాత్రం ఏ లంగరూ పనికిరాదు.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక వచ్చే బుధవారం ఇదే సమయానికి నీరు తూర్పుకు పారుతుంది, పైగా పౌర్ణమి జోరుతో. అప్పుడు బోయా దాకా పోవడమే కష్టం. ఆ పూట ఏ ఒడ్డు పట్టుకోవాలన్న వాదన కారు ఎక్కేలోపే మొదలైంది.